ఇంటికాడ ఒకడుండాలె

ఆయన పోయిన సంగతి నాకు ఎదురుగా టీ హోటలు నడిపే వెంకన్న చెప్పాడు. రోజూలాగే గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, "నీ కాకా పోయిండక్కా, పొద్దుగాల" అన్నాడు. నేను అప్పుడు ఎవరికో నంబరు కలుపుతున్నాను. అవతల రింగవుతోంది. రిసీవరు ఆ మనిషి చేతిలో పెట్టి టీ తాగేశాను. ఎందుకు తాగానో తెలియదు, చేతిలో ఉంది కాబట్టి తాగాను.

నా కాకా అనడమే గానీ ఆయనకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. మిర్యాలగూడలో రైసు మిల్లులకు పోయే రోడ్డు మీద నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. చిన్నప్పుడు పోలియోతో ఒక కాలు పోయింది కాబట్టి సర్కారు ఇచ్చిన బూత్. ఆ కాలు నాకు చేసిన మేలు అదొక్కటే. బూత్ తెరిచిన వారంలోనే ఈయన వచ్చి, అడగకుండా నా బెంచీ మీద కూర్చుని, "బిడ్డా, నాకు ఫోన్లొస్తయి, జర పిలువు" అన్నాడు.

"పిలవాలంటే ఎక్కడుంటవో చెప్పాలె గదా పెద్దమనిషీ" అన్నాను.

"గీడనే ఉంట" అన్నాడు. నిజంగానే అన్నేళ్లూ అక్కడే ఉన్నాడు. కస్టమర్లు కూర్చోవడానికి నేను ఇంకో బెంచీ చేయించుకోవాల్సి వచ్చింది.

ఆయన పని మిల్లులకు ఫిట్టర్లను పంపడం. ఆయన చేతి కింద ఆరేడుగురు మనుషులు. పంట రాకముందే మిల్లులో మిషన్లన్నీ విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించాలి. పంట రావాలంటే సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు రావాలి. ఎప్పుడొస్తాయో డ్యాం మీద కూర్చున్న ఇంజనీర్లకే సరిగ్గా తెలియదు, నా బెంచీ మీద కూర్చున్న మనిషికేం తెలుస్తుంది. వచ్చాయంటే మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ సేట్లందరికీ ఒకేసారి ఫిట్టర్లు కావాలి. రాకపోతే ఒక్కడు కూడా ఎవరికీ అక్కర్లేదు. ఈ రెండింటి మధ్య ఆ ఆరేడు కొంపలనూ పడిపోకుండా పట్టుకోవడమే ఆయన బతుకంతా.

ఫోను ఎత్తే ముందు చెప్పులు విడిచేవాడు. మొదటిసారి చూసి నవ్వాను. "ఇంకొకల ఇంట్లకు పోతున్నట్టే గద. నవ్వుతవేంది, నీకు ఊడ్సే పని తప్పుతుంది" అన్నాడు. రిసీవరు చెవికి ఆనించకుండా ఎడంగా పట్టుకునేవాడు, అందుకని అవతలివాళ్ల మాటలు నాకూ వినిపించేవి. ఆయన ముందుగా అడిగేది ఒకటే.

"ఏం సప్పుడొస్తుంది సేటు?"

"ఏదో గడబిడగా వస్తుందయ్యా."

"అట్ల గాదు. అది ఎట్ల జేస్తుందో నువ్వు జేసి సూపియ్యి."

సూర్యాపేటలో కనబడితే నలుగురూ లేచి నిలబడే సేటు, తన గుమాస్తాల ముందు కూర్చుని నోటితో "గిర్ర్, టక్, గిర్ర్, టక్" అనాల్సి వచ్చేది. ఈయన కళ్లు మూసుకుని వినేవాడు. "ఇంకొక్కపారి" అనేవాడు. కొన్నిసార్లు అది మిషను కోసం కాదని, సేటు చేత ఇంకోసారి అనిపించడం కోసమేనని నాకు అనుమానం. అడిగితే మీసాల్లో నవ్వేవాడు.

చప్పుడు విన్నాక బెంచీ వైపు చూసేవాడు. ఎవరిని పంపాలన్నది పనితనం ఒక్కటి చూసి తేల్చేవాడు కాదు. "ఆ సేటుకు నోరు ఎక్కువ. మన లింగయ్యకు ఒక చెవి ఇనబడది. లింగయ్యను పంపుదాం, ఇద్దరికి మంచిగుంటది." ఇంకొకతణ్ణి కోదాడ పంపితే, ఎందుకని నేను అడిగాను. "ఆడ వాని చెల్లె ఉంటది. పూటకింత ఇంటి బువ్వ తింటే చెయ్యి నిమ్మళంగ పని చేస్తది" అన్నాడు. భార్య నెలలు నిండి ఉంటే ఊరి మిల్లు, అత్తగారింట్లో తగాదా పడి ఉంటే దూరపు మిల్లు. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆయనకు తెలిసినంత వాళ్ల ఇంటివాళ్లకు కూడా తెలియదేమో.

ఒకసారి ఆయన లేనప్పుడు ఫోనొస్తే, "ఇద్దరు ఖాళీగా ఉన్నారండీ" అని చెప్పాను. ఆయన వచ్చి విని మొహం మాడ్చుకున్నాడు. "ఖాళీ అనకు బిడ్డా. సంచి ఖాళీ ఉంటది, సీస ఖాళీ ఉంటది. మనిషి ఆగి ఉంటడు." సరేనని ఆ తర్వాతి ఫోనుకు "ఇద్దరు ఆగి ఉన్నారు" అన్నాను. కోదాడ ఆసామి కంగారుగా, "ఎక్కడ ఆగారండీ, బస్సు దొరకలేదా?" అని అడిగాడు. అది చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు గానీ మాట మాత్రం మార్చుకోనివ్వలేదు.

ఇంకో పట్టు ఉండేది ఆయనకు. ఎంతమంది అడిగినా, ఎంత గట్టిగా అడిగినా, ఒక ఫిట్టరును పంపకుండా ఉంచుకునేవాడు. "ఇంటికాడ ఒకడుండాలె" అనేవాడు. ఉంచుకునేది కూడా పని సరిగ్గా రానివాణ్ణి కాదు, అందరికంటే బాగా వచ్చినవాణ్ణి. ఎందుకట్లా అంటే, "ముందు అడిగేటోడు తీరుబడిగ అడుగుతడు. ఆఖరుకు ఫోన్ జేసేటోని మిల్లు ఆగిపోయి ఉంటది, వడ్లు తడుస్తుంటయి. వానికి సైదులసుంటోడు కావాలె" అన్నాడు.

సైదులు ఆయన చేతి కిందే పని నేర్చుకున్నవాడు. పాత షాఫ్టును కూడా కొత్తదానిలా తిప్పగలడు. కానీ సీజనులో అందరూ పనికి పోతే తను బెంచీ చివర కూర్చుని పానా తిప్పుకుంటూ ఉండాలి. "నన్ను బీరువల పెట్టుకుంటడక్కా, కొత్త అంగీ లెక్క" అని నా దగ్గర సణిగేవాడు. ఆయన వినీ విననట్టు ఊరుకునేవాడు. సైదులు సణిగేవాడే గానీ ఆయన మాట ఎన్నడూ జవదాటలేదు. ఆయనకు పిల్లల్లేరు. ఈ మాట నేను చెప్పాల్సిన పని లేదు, ఆయన సైదులు వైపు చూసే చూపులోనే ఉండేది.

తర్వాత ఆ కరువేడు వచ్చింది. వానలు వెనకపట్టాయి, సాగర్లో నీళ్లు అడుగంటాయి. నా ఫోను ఎవరెవరికో మోగింది గానీ ఆయనకు మోగలేదు. మనుషులంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బెంచీ మీదే. వెంకన్న హోటలుకు పోవడం కూడా మానేశారు. నేను కుండ నిండా నీళ్లు పెడితే మధ్యాహ్నానికి అయిపోయేవి.

అటువంటప్పుడు కోదాడ నుంచి ఫోనొచ్చింది. అటువైపు కొత్తగా కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించాలట. ఏడాది పొడుగునా పని. సూపర్వైజరు మర్యాదగానే మాట్లాడాడు.

"మీ వాళ్లందరూ కావాలండీ."

"ఒక్కన్ని ఉంచుకుంట సారూ. మిగతా అందరిని పంపుత."

"అట్లా కుదరదండీ. జట్టు మొత్తం అయితేనే తీసుకుంటాం. రేపు సాయంత్రానికి రాకపోతే విజయవాడ వాళ్లు సిద్ధంగా ఉన్నారు."

ఆయన రిసీవరు పట్టుకుని బెంచీ వైపు చూశాడు. బెంచీ మీద ఒక్కరు కూడా కదల్లేదు. చివరికి "పంపుత" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన తన పట్టు విడవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం వెంకన్న హోటల్లో అందరూ టీలు తాగారు, లింగయ్య రెండు తాగాడు. సైదులు నా దగ్గరకొచ్చి, "బీరువ తెరిసిండక్కా" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున ఆయన త్రిపురారంలో ఎవరినో పరామర్శించడానికి పోయాడు. మనుషులు సంచులు సర్దుకుని నా బూత్ ముందు బస్సు కోసం నిలబడ్డారు. ఆయన మధ్యాహ్నం బస్సు దిగి, దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అంతకుముందెప్పుడూ ఆయన పరిగెత్తడం నేను చూడలేదు.

"సంచులు ఇప్పుండ్రి. కాల్వల నీళ్లొచ్చినయి."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సైదులు ఒక్కడే మెల్లగా అన్నాడు. "కాకా, తాగునీళ్లకు ఇడిసిండ్రేమో. చెర్వులు నింపేటందుకు."

"నిండ పారుతుందిరా. నా కండ్లతోటి సూసిన. తాగేటందుకు అన్ని నీళ్లెందుకు? రేపటి సంది సేట్లు ఫోన్లు జేస్తరు. మనం లేకపోతే ఇన్నేండ్ల నా మాట ఏమైతది?"

సైదులు సంచి ముడి విప్పాడు. ఆయన చెప్పులు విడిచి, కోదాడ కలపమన్నాడు. నేను కలిపాను. మా వాళ్లు రారని చెప్పేశాడు. మా దిక్కు మనుషులకు కాల్వలో నీళ్లు కనబడితే ఇక వేరే ఏదీ కనబడదు. ఆ సాయంత్రం రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ ఆ మాటే చెప్పుకుంటున్నాడు. నారు సంగతి, విత్తనాల సంగతి మాట్లాడుకున్నారు. నేను కూడా నమ్మాను, వెంకన్న పాలు ఎక్కువ పోయించుకున్నాడు.

అవి తాగునీళ్లే. ఊళ్ల చెరువులు నిండగానే గేట్లు దించేశారు. వారం తిరక్కముందే కాల్వలో బురద తేలింది. ఆయన ఫోను వైపు చూస్తూ కూర్చునేవాడు. "లైను ఉందా బిడ్డా?" అని అడిగేవాడు. నేను రిసీవరు ఎత్తి విని, "ఉంది కాకా" అనేదాన్ని. కాసేపాగి మళ్లీ అడిగేవాడు. చివరికి కోదాడ కలపమన్నాడు. "విజయవాడ మనుషులు వచ్చేశారండీ, పని మొదలైంది. మీరే కదా రాలేమన్నది" అన్నాడు సూపర్వైజరు. ఆ మాటలో తప్పేమీ లేదు.

బెంచీ మీదివాళ్లు తలా ఒక దిక్కు కూలికి పోయారు. సైదులు దామరచర్ల దిక్కు బండలు కోసే ఫ్యాక్టరీలో చేరాడు. ఫిట్టరుగా కాదు, రాయిని మిషను కిందికి తోసే పని. మిషన్లతో అంత అలవాటున్న మనిషి చెయ్యి మిషనులో ఎట్లా పడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తిండి సరిగ్గా లేదని లింగయ్య అన్నాడు. కుడిచేతికి బొటనవేలు, దాని పక్క వేలు మిగిలాయి.

దవాఖానకు నేను రిక్షా కట్టించుకుని పోయాను. సైదులు నన్ను చూడగానే "కాకా ఏడి?" అన్నాడు. ఆయన బయట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేకపోతున్నాడు. చివరికి నేనే గట్టిగా కసిరి తీసుకొచ్చాను. ఆయన మంచం పక్కన కూర్చుని, సైదులు ఎడమచేయి తన చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క వేలూ వంచి, తిప్పి చూశాడు. "ఇది మంచిగనే ఉంది" అన్నాడు. సైదులే ఆయన భుజం మీద ఆ చెయ్యి వేశాడు.

తర్వాతి ఏడు నీళ్లు వచ్చాయి. నిజమైన నీళ్లు. ఫోన్లూ వచ్చాయి. ఆయన కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. "ఇద్దరిని పంపుత సేటు. ఎంబడి సైదులు కూడ వస్తడు. వాడు చెప్తడు, వీళ్లు బిగిస్తరు."

"చెయ్యి లేనోడెందుకయ్యా?"

"చెయ్యి సంగతి నీకెందుకు, వాని చెవి సూడు. వద్దంటే ఎవలు రారు."

కొందరు సేట్లు ఒప్పుకున్నారు, చాలామంది వేరే ఊరి ఫిట్టర్లను పిలిపించుకున్నారు. ఒప్పుకున్న చోట కూడా సైదులు మిల్లులో ఓ మూల నిలబడి, అందరి చూపులూ తన చేతి మీద పడుతుంటే తువ్వాల చుట్టుకునేవాడట. మిల్లులు ఒక్కొక్కటే చేజారుతూనే ఉన్నాయి. ఒకరోజు లింగయ్య అందరి ముందే అనేశాడు. "కాకా, ఒక్కని కోసం మా అందరి కడుపులు కొడుతున్నవ్." సైదులు అక్కడే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది, లింగయ్య మీద కాదు, అతను అన్నది నిజమైనందుకు.

అందరూ వెళ్లాక నేను అడిగాను. "కాకా, నువ్వు సైదులుకు పని చూస్తున్నవా, నీ మనసుకు చూస్తున్నవా?"

"రెండింటికి బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే సైదులు ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు బస్సెక్కాడు. ఎక్కేముందు వెంకన్నకు మాత్రం, బొంబాయి పక్కన భీవండిలో తెలిసినవాళ్లున్నారని చెప్పాడట. ఆయన నెల రోజులు మనిషి కాలేదు. ఎవరు ఫోను చేసినా, "ఎవలు లేరు" అని పెట్టేసేవాడు. మనుషులేమో ఎదురుగానే కూర్చుని ఉండేవాళ్లు.

ఒక సాయంత్రం సైదులు ఫోను చేశాడు. ఆయన చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేసి ఎత్తాడు.

"కాకా, ఈడ మగ్గాల ఫ్యాక్టరీల ఫిట్టర్ గ పెట్టుకున్నరు. ఒక్క చెయ్యితోటి అయితదా అని సూసిండ్రు. సూసి పెట్టుకున్నరు. ఇగ నా కోసం మనోళ్లను ఆపకు, పంపు."

"ఏం సప్పుడొస్తదిరా ఆ మగ్గాలకు?"

అవతల కాస్త ఆలస్యమైంది. తర్వాత సైదులు నోటితో "టకటక టకటక" అన్నాడు. ఈయన కళ్లు మూసుకుని విని, "ఇంకొక్కపారి" అన్నాడు.

ఫోను పెట్టేసి అప్పటికప్పుడు సూర్యాపేట కలపమన్నాడు. ఏ షరతూ లేకుండా అందరినీ పంపాడు. వెంకన్నకు, రిక్షావాళ్లకు, ఫోను చేసే సేట్లకు, అందరికీ చెప్పుకున్నాడు. "మా సైదులు భీవండిల ఫిట్టరు. ఒక్క చెయ్యితోటి." చెప్పినప్పుడల్లా భుజం మీది తువ్వాల సర్దుకునేవాడు.

చాలా కాలం అట్లా చెప్పుకున్నాక, ఒకరోజు భీవండికి లోడు తీసుకుపోయే కోదాడ లారీ డ్రైవరు ఒకతను మా బూత్కు వచ్చాడు. ఈయన ఎప్పటిలాగే చెప్పబోతే అతను అన్నాడు. "సైదులా? కుడిచేతికి వేళ్లు లేని ఆయనేనా? ఆయన ఫ్యాక్టరీలో కాదు పెద్దాయనా, గోడౌను గేటు దగ్గర ఉంటున్నాడు. మొన్న నా బండికి గేటు తీసింది ఆయనే."

"వేరే సైదులై ఉంటడు" అన్నాడు ఈయన.

డ్రైవరు పోయాడు. ఆయన భుజం మీది తువ్వాల తీసి మడతపెట్టాడు. నేను కూడా ఏదో సర్దుతున్నట్టు వంగి కూర్చున్నాను. తర్వాత అన్నాడు, "బిడ్డా, వాడు ఫోన్ జేస్తే ఈ మాట అనకు."

అనలేదు. సైదులు నెలకో రెండు నెలలకో ఫోను చేసేవాడు. ఈయన మగ్గాల గురించి అడిగేవాడు, అతను చెప్పేవాడు. నూనె ఎప్పుడు పోస్తున్నరు, బెల్టు తెగితే ఏం జేస్తరు. ఇద్దరూ ఒకరికొకరు దెబ్బ తగలకుండా అంత జాగ్రత్తగా మాట్లాడుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే ఆయన చూస్తాడని రోడ్డు వైపు తిరిగేదాన్ని. ఫోను పెట్టేశాక ఆయన మళ్లీ వెంకన్న హోటలుకు పోయి, "మా సైదులు చేసిండు. పని బాగుందట" అని చెప్పేవాడు. ముందుకంటే గట్టిగా చెప్పేవాడు.

రానురాను మిల్లుల్లో కొత్త మిషన్లు వచ్చాయి. వాటితోపాటే బాగుచేసే మనుషులూ కంపెనీ నుంచే వచ్చేవాళ్లు. లింగయ్య సూర్యాపేటలో ఒకే మిల్లులో కుదురుకున్నాడు. మిగిలినవాళ్లు తలా ఒక ఊరికి పోయారు. బెంచీ మీద ఆయనొక్కడే మిగిలాడు. జ్వరమని దవాఖానలో చేరాడు, తిరిగి రాలేదు.

మట్టి పెట్టేనాటికి లింగయ్య వచ్చాడు, ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. సైదులు నంబరు ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడూ అతనే చేసేవాడు. అందుకని నేను ఆ ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

వచ్చింది.

"అక్కా, కాకాను జర పిలువు."

"కాకా లేడు సైదులూ."

"ఏడికి పోయిండు? మళ్ల జేస్త."

"మళ్ల చెయ్యకు. పోయిండు సైదులూ. జ్వరమొచ్చింది. నీకు చెప్దామంటే నంబరు లేకపాయె."

అతను ఏడ్వలేదు. నాకు ఊపిరి ఒక్కటే వినిపించింది. అతని వైపు ఫోను బిల్లు తిరుగుతూ ఉంటుందని తెలుసు, అయినా పెట్టెయ్యమని అనలేకపోయాను. చాలాసేపటికి అడిగాడు.

"అక్కా, ఒక్కటి చెప్పు. నేను ఫిట్టర్ననే అనుకున్నడా?"

"అందరికి అట్లనే చెప్పిండు. దవాఖానల పక్క మంచమాయనకు గూడ చెప్పిండంట."

నేను చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఇంతలో అవతల లారీ హారను గట్టిగా మోగింది, ఎవరో హిందీలో కేకేశారు. "ఆయా సాబ్" అన్నాడు సైదులు, నోరు ఫోనుకు దూరంగా పెట్టి. తర్వాత నాతో అన్నాడు.

"మగ్గం ఆగిందంటుండ్రక్కా. పోయి సూడాలె."

"పో సైదులూ. జర మంచిగ సూడు" అన్నాను.